టీకా పట్టినదా?



మశూచి టీకాలు వేయు దినములలో మన పల్లెలకు టీకాల ఉద్యోగి వచ్చెడివాడు. పిల్లల జబ్బలపై గాట్లు పెట్టి పోయెడివాడు. వారము దినములు గడచిన పిమ్మట ఇంటిలోని పెద్దలు బిడ్డ చొక్కాచేయి పైకెత్తి చూచి అడుగు ప్రశ్న ఒక్కటే: "టీకా పట్టినదా?" గాటు పెట్టిన చోట పొక్కు లేచినచో పట్టినట్లు, లేవనిచో పట్టనట్లు, మరల వేయించవలసినదే. మశూచి భూమిపై అంతరించినదని 1980వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. ఆ టీకా మచ్చలు నేడు పెద్దవారి జబ్బలపై మాత్రమే కనబడుచున్నవి. కాని ఆ పాత ప్రశ్న మాత్రము పోలేదు. ఇటీవల ఒక శ్రోత మాకు వ్రాసిన జాబులో అది మరల వినబడినది.

ఆయన పేరు, ఊరు చెప్పుట మాకు తగదు. 20 సంవత్సరముల క్రిందట, తమ 41వ యేట, ఆయనకు రెండు మూత్రపిండములును చెడిపోయినవి. 62 ఏండ్ల తల్లి తన మూత్రపిండములలో ఒకదానిని కుమారునకిచ్చినది. "ఇప్పుడు నా వయస్సు 61. నాలోనున్న మూత్రపిండము వయస్సు 82. అమ్మ పోయి ఆరేండ్లయినది. ఆమె ఇచ్చినది మాత్రము నాలో ఇంకను పనిచేయుచునే యున్నది" అని ఆయన వ్రాసినారు. తరువాత తమ సందేహమును ఇట్లు తెలిపినారు: "ఏటేట ఫ్లూ టీకా వేయించుకొనుమని, సర్పికి టీకా వేయించుకొనుమని మా వైద్యుడు చెప్పుచున్నాడు. నావంటివారికి టీకాలు సరిగా పట్టవని కూడ ఆయనే చెప్పుచున్నాడు. పట్టని టీకా ఏల? పైగా మా కోడలిని కూడ ఫ్లూ టీకా వేయించుకొనుమన్నాడు. రోగిని నేను, సూది ఆమెకేల?"

మేము వైద్యులము కాము. కాని ఈ ప్రశ్న ఒక్క యింటిది కాదు. మన దేశమున 2013లో జరిగిన అవయవ మార్పిడులు 5,000 లోపు. 2023లో జరిగినవి 18,000కు పైబడినవి. ఇట్లు అవయవము పొందినవారు మునుపటివలె కొలది సంవత్సరములు గాక పది, ఇరువది సంవత్సరములు జీవించుచున్నారు, మనుమలను ఎత్తుకొనుచున్నారు, ముసలివారగుచున్నారు. కావున ఆ జాబులోని రెండు ప్రశ్నలను తీసికొని, తెలిసినవారిని అడిగి, గ్రంథములు చూచి, మేము తెలిసికొన్నదానిని నేడు మీ ముందుంచుచున్నాము.

మొదట అవయవ మార్పిడి యనగా నేమో చూతము. మన శరీరము తనవారెవరో పరులెవరో యెరిగిన యిల్లు. రక్తములోని తెల్లకణములు రేయింబవళ్ళు ఆ యింటికి కావలి కాయుచుండును. అవి సూక్ష్మక్రిములను పట్టుకొనుట మనకు మేలే. కాని ప్రాణము నిలుపుటకు తెచ్చి అమర్చిన పరుల అవయవమును కూడ అవి దొంగగానే యెంచును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున కాలిన గాయములకు చర్మము అతుకు ప్రయత్నములలో పీటర్ మెడవార్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని పరిశీలించెను. ఒకే దాత చర్మమును రెండవసారి అతికినపుడు శరీరము దానిని మొదటిసారికన్న త్వరగా త్రోసివేసెను. అనగా కావలివానికి జ్ఞాపకశక్తి యున్నదన్నమాట. ఆ కృషికి మెడవార్ 1960లో మాక్‌ఫార్లేన్ బర్నెట్‌తో కలసి నోబెల్ బహుమతి నందుకొనెను. శ్రోతలారా, ఈ జ్ఞాపకశక్తిని గుర్తుంచుకొనుడు. అవయవమును త్రోసివేయునదియు అదే, టీకాను ఫలింపజేయునదియు అదే.

1954 డిసెంబరు 23వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున జోసెఫ్ మర్రే అను శస్త్రవైద్యుడు ఒకరి మూత్రపిండమును వేరొకరికి అమర్చి విజయము సాధించెను. ఇచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును ఒకే రూపముగల కవలలు. అన్నదమ్ముల శరీరములు ఒకే అచ్చున పోసినట్లుండుటచే కావలివాడు భేదమెరుగలేదు. కాని లోకములో అందరికిని కవలసోదరు లుండరుగదా! తక్కినవారి కొరకు కావలివానిని జోకొట్టు మందులు కావలసివచ్చినవి.

అట్టి మందులలో తొలివానిలో నొకటి అజాథయోప్రిన్. కణము వృద్ధిచెందుటకు కావలసిన దినుసును పోలిన దొంగదినుసు నిచ్చి దాని వృద్ధిని ఆపుట ఆ మందు చేయు పని. దానిని కనుగొన్న జార్జి హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ 1988లో నోబెల్ బహుమతి పొందినవారిలో నున్నారు. ఇదే యుపాయముతో పనిచేయు మెథోట్రెక్సేట్ వంటి మందులను అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున రూపొందింపజేసినవారు మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారని మనము గర్వముతో చెప్పుకొనవచ్చును. తరువాత నార్వే దేశపు పీఠభూమి మట్టిలోని బూజునుండి సైక్లోస్పోరిన్ లభించినది. 1983లో అమెరికాలో దాని వాడుకకు అనుమతి వచ్చినది. జపానులోని త్సుకుబా ప్రాంతపు మట్టిలోని సూక్ష్మజీవినుండి 1984లో టాక్రోలిమస్ దొరికినది. మన దేశమున 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మూత్రపిండ మార్పిడి విజయవంతముగా జరిగినది. నేడు అవయవము పొందినవారు సాధారణముగా రెండు మూడు మందులను కలిపి, జీవితాంతము వాడుచుందురు. తల్లి యిచ్చిన మూత్రపిండము ఇరువది సంవత్సరములు నిలుచుట వెనుక ప్రతి ఉదయము, ప్రతి సాయంకాలము మరువక మ్రింగిన ఆ బిళ్ళలున్నవి.

ఇక టీకా సంగతి. టీకా యనునది శత్రువు ముఖమును కావలివానికి ముందుగా చూపించుట. చచ్చిన క్రిమియో, క్రిమిలోని ఒక తునకయో, బలము తీసివేసిన బ్రతికిన క్రిమియో శరీరములోనికి పంపుదురు. శరీరమందలి కొన్ని కణములు దానిని మోసికొనిపోయి మెడలో, చంకలో, గజ్జలలోనుండు గ్రంథులకు చేర్చును. అచ్చట టి కణములు దానిని పరీక్షించి, "ఇది పరాయిది" అని నిశ్చయించి, బి కణములకు ఆజ్ఞ యిచ్చును. ఆజ్ఞ నందుకొన్న బి కణములు వేలకొలదిగా వృద్ధిచెంది ప్రతిరక్షకములను తయారుచేయును. పని ముగిసిన పిదప వానిలో కొన్ని ఎముకల మూలుగలో కాపురముండి, ఆ శత్రువు మరల వచ్చువరకు వేచియుండును. ఇది యంతయు చక్కగా జరిగినపుడే టీకా పట్టినదని యందుము.

పైని చెప్పిన మందులు అడ్డుపడునదియు ఇచ్చటనే. టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ టి కణముల మేల్కొలుపును ఆపును. మైకోఫినోలేట్ అను మందు, అజాథయోప్రిన్‌వలెనే, కణములు వృద్ధిచెందకుండ చేయును; బి కణములు వేలు కావలసినచోట పదులుగా నిలిచిపోవును. ప్రెడ్నిసొలోన్ మొత్తము సందడినే తగ్గించును. తల్లి మూత్రపిండమును పరాయిదని త్రోసివేయకుండ కావలివానిని జోకొట్టితిమి. ఆ జోకొట్టిన కావలివానికే టీకా వచ్చి పాఠము చెప్పవలసియున్నది.

దీనికి తోడు వయస్సు. మన రొమ్ముటెముక వెనుక థైమస్ అను చిన్న గ్రంథి యున్నది. అది దేనికి పనికివచ్చునో చిరకాలము ఎవరికిని తెలియలేదు. 1961లో జాక్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై పరిశోధనలు చేసి, రోగనిరోధక శక్తికి అది మూలమని చూపెను. టి కణములకు అది పాఠశాల. బాల్యమున ఈ పాఠశాల పెద్దదిగా నుండును. యౌవనము వచ్చినది మొదలు అది క్రమముగా కుంచించుకొని క్రొవ్వుగా మారును. అరువది దాటినవారిలో ఆ పాఠశాలనుండి వెలువడు క్రొత్త విద్యార్థులు మిక్కిలి తక్కువ. ఉన్న కణములలో అధికభాగము పాత శత్రువులను ఎరిగినవే. క్రొత్త ముఖమును నేర్చుకొనగల లేతకణములు కొలదిగానే యుండును.

మన యిండ్లలోని వృద్ధులను చూడుడు. బాల్యమున నేర్చిన పద్యములను ఎనుబదవ యేట కూడ తడబడక చదువుదురు. నిన్న పరిచయమైన మనిషి పేరు మాత్రము గుర్తుండదు. రోగనిరోధక శక్తి కథయు అట్టిదే. బాల్యమున వచ్చిన తట్టమ్మవారి జ్ఞాపకము జీవితాంతము నిలుచును. వయస్సు మీరిన పిమ్మట క్రొత్తగా నేర్పు పాఠము త్వరగా అంటదు. అంటినను త్వరగా మాసిపోవును.

ఇందులో ఒక విచిత్రమున్నది. వృద్ధులైన గ్రహీతలలో శరీరము అవయవమును త్రోసివేయుట యువకులలోకన్న తక్కువ. వయస్సు తానుగా కావలివానిని మందగింపజేయుటచే అవయవమునకు కొంత నెమ్మది లభించును. కాని అదే కారణమున వారికి అంటురోగముల వలన అపాయము హెచ్చు. ఒక చేత నిచ్చినదానిని వయస్సు రెండవ చేత తీసికొనుచున్నది. కావున వృద్ధులగు గ్రహీతలకు మందుల మోతాదు ఎంతయుండవలెనను విషయమున వైద్యులు మిగుల జాగరూకులై యుందురు.

ఇది అంతయు తర్కము మాత్రమే కాదు; కొలిచి చూచిన సంగతి. కోవిడ్ వ్యాధి వచ్చిన కాలమున, ప్రపంచములో ఎవరికిని పూర్వపరిచయము లేని క్రొత్త క్రిమికి టీకా అందరికిని ఒకేసారి వేయవలసివచ్చెను. ఫ్రాన్సు దేశములోని తులూజ్ నగరమున అవయవములు పొందిన 101 మందికి ఆ టీకా మూడు మోతాదులు వేసి, రక్తములో ప్రతిరక్షకములు పుట్టినవో లేదో పరీక్షించిరి. ఆ ఫలితములు 2021లో ప్రకటింపబడినవి. మొదటి మోతాదు పిమ్మట నూటికి నలుగురిలో మాత్రమే ప్రతిరక్షకములు కనబడెను. రెండవ మోతాదు పిమ్మట 40 మందిలో; మూడవదాని పిమ్మట 68 మందిలో కనబడెను. మూడింటికిని పట్టనివారెవరని చూడగా, వారు తక్కినవారికన్న వయస్సులో పెద్దవారు, నిరోధక శక్తిని అణచు మందులు ఎక్కువగా వాడువారు, మూత్రపిండముల పనితీరు తగ్గినవారు అని తేలినది. అదే సంవత్సరమున అమెరికాలో 658 మంది గ్రహీతలను పరీక్షింపగా, రెండు మోతాదుల పిమ్మట 54 శాతము మందిలో ప్రతిరక్షకములు కనబడెను. అచ్చటను వయస్సు పెరిగినకొలది ఫలితము తగ్గినది.

మన శ్రోత అడిగిన మొదటి ప్రశ్నకు సమాధానము ఈ అంకెలలోనే యున్నది. పట్టని టీకా ఏల యని వారడిగిరి. నాలుగు నలుబదియై, నలుబది అరువదియెనిమిదియైన తీరు చూచితిరికదా! ఒకసారి పట్టనిది ఎన్నడును పట్టదని కాదు. మందబుద్ధియగు బాలునకు గురువు పాఠమును మరల మరల చెప్పునట్లు, ఈ శరీరమునకు టీకాను మరల మరల చెప్పవలసియున్నది. మరియొక సంగతి: రక్తములోని ప్రతిరక్షకముల లెక్కయే సర్వస్వము కాదు. అవి తక్కువగానున్నను, టి కణములు కొంత నేర్చియుండవచ్చును. వచ్చిన రోగము ప్రాణముమీదికి రాకుండ పోవచ్చును. అరకొర రక్షణయైనను, ఏ రక్షణయు లేకపోవుటకన్న మేలు.

ఇక చేయదగిన పనులేవో చెప్పుకొందము.

మొదటిది, కాలము. టీకాలకు మిక్కిలి అనువైన సమయము అవయవ మార్పిడికి పూర్వము, కావలివాడు ఇంకను మేల్కొనియున్నపుడు. మూత్రపిండములు చెడుచున్నవని తెలిసిన దినముననే టీకాల మాట తలచవలెను. ఉదాహరణమునకు హెపటైటిస్-బి అను కామెర్ల టీకా ఉన్నది. నలుబదిలోపు ఆరోగ్యవంతులలో నూటికి తొంబదిమందికి పైగా అది పట్టును. అరువది వచ్చుసరికి సుమారు 75 మందికే పట్టును. యంత్రముపై రక్తశుద్ధి చేయించుకొనువారికి ఇంకను తక్కువ. కావున వారికి రెట్టింపు మోతాదు వేయుదురు. అంతటితో ఊరకుండక, టీకాలు పూర్తియైన ఒకటి రెండు మాసములకు రక్తపరీక్ష చేసి పట్టినదో లేదో చూతురు. చూడుడు, మన పెద్దలు జబ్బ చూచి అడిగిన ప్రశ్ననే నేటి వైద్యుడు రక్తమును చూచి అడుగుచున్నాడు. మార్పిడి జరిగిన తరువాతనైనచో, మందులు మిక్కిలి గట్టిగా పనిచేయు తొలి మాసములు గడచువరకు ఆగి, సామాన్యముగా మూడు మొదలు ఆరు మాసముల పిమ్మట టీకాలు మొదలుపెట్టుదురు. ఫ్లూ టీకాను అంతకన్న ముందుగానే వేయవచ్చును.

రెండవది, టీకా జాతి. బ్రతికిన క్రిమిని బలహీనపరచి చేసిన టీకాలు కొన్ని కలవు. తట్టమ్మవారు, గవదబిళ్ళలు, ఆటలమ్మ, పచ్చజ్వరము వీనికి వేయు టీకాలు, క్షయకు వేయు బి.సి.జి., నోటిలో వేయు పోలియో చుక్కలు ఇట్టివి. కావలివాడు జోగుచున్న యింటిలో ఈ బలహీనక్రిమియు బలవంతుడు కావచ్చును. కావున మార్పిడి యైనవారికి ఇవి సామాన్యముగా వేయరు. అవసరమైనచో మార్పిడికి నాలుగు వారములైనను ముందుగానే ముగించవలెను. చచ్చిన క్రిమితో గాని, క్రిమి తునకతో గాని చేసిన టీకాలకు ఈ భయము లేదు. సూదిమందుగా వేయు ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా, కామెర్ల టీకా ఈ కోవలోనివే.

మూడవది, టీకా బలము. ఈ విషయమున ఇటీవలి సంవత్సరములు మంచి వార్త తెచ్చినవి. ఆటలమ్మ క్రిమి బాల్యమున వచ్చి, తగ్గిన పిమ్మట కూడ నరములలో దాగియుండి, ముసలితనమున సర్పిగా బయటపడునని మీరు వినియుందురు. దాని మంట ఎరిగినవారికే తెలియును. అవయవ గ్రహీతలలో అది మరింత తరచుగా వచ్చును. దీనికి మొదట వచ్చిన టీకా బ్రతికిన క్రిమితో చేసినది. డెబ్బది దాటినవారిలో అది నూటికి 38 పాళ్ళు మాత్రమే రోగమును తగ్గించినది. గ్రహీతలకు అది పనికిరాదు. 2017లో అమెరికాలో వాడుకకు వచ్చిన క్రొత్త టీకా క్రిమి తునకతో చేసినది. అది డెబ్బది దాటినవారిలోను సుమారు తొంబది పాళ్ళు రోగమును ఆపినది. ఈ భేదము ఎచ్చటనుండి వచ్చినది? ఆ తునకతోపాటు కావలివానిని తట్టిలేపు ఒక దినుసును కలిపిరి. దానిలో ఒక భాగము చిలీ దేశమున పెరుగు క్విల్లాయా అను చెట్టు బెరడునుండి తీసినది. ఆ దేశస్థులు ఆ బెరడును నీటిలో నలిపి నురుగు తీసి బట్టలుతుకుటకు వాడెడివారు. మన కుంకుడుకాయ వంటిదన్నమాట! మూత్రపిండ గ్రహీతలకు ఈ టీకా రెండు మోతాదులు వేసి చూడగా, ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురి శరీరములు దానికి స్పందించినవి. మన దేశమునకు ఇది 2023లో వచ్చినది.

ఫ్లూ విషయమునను ఇట్లే జరిగినది. స్విట్జర్లండు, స్పెయిను దేశములలో గ్రహీతలపై జరిపి 2023లో ప్రకటించిన పరిశోధనలో, మామూలు ఫ్లూ టీకా నూటికి 42 మందిలో ఫలితము చూపగా, తట్టిలేపు దినుసు కలిపిన టీకా 60 మందిలోను, మోతాదు హెచ్చించిన టీకా 66 మందిలోను ఫలితము చూపినది. మీ ఊరిలో దొరకునదేదో, మీకు తగినదేదో మీ వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

ఈ సందర్భమున రెండు హెచ్చరికలు. టీకా వేయించుకొన్నచో కావలివాడు మేల్కొని అవయవమును త్రోసివేయునేమోయని కొందరు భయపడుదురు. పరిశోధనలలో ఈ భయమునకు ఆధారము కనబడలేదు. రెండవది ముఖ్యమైనది: మందులు టీకాను అడ్డుకొనుచున్నవని మేము చెప్పితిమి. అది విని ఎవరును తమంతతాము బిళ్ళలు మానరాదు, తగ్గించరాదు. నాలుగు దినముల అజాగ్రత్తతో ఇరువది యేండ్ల మూత్రపిండము పోవచ్చును. మందుల మార్పు, అవసరమైనచో, వైద్యుడే చేయవలెను.

ఇప్పుడు జాబులోని రెండవ ప్రశ్నకు వత్తము. "రోగిని నేను, సూది ఆమెకేల?"

ఇన్ని యుపాయములు చేసినను, అవయవము పొందిన వృద్ధులలో కొందరికి టీకా పట్టదు. పట్టినను త్వరగా మాసిపోవును. అట్టివారిని కాపాడునది ఏది? రోగము వారిని చేరు త్రోవ యేదో చూడవలెను. ఫ్లూ క్రిమి గాలిలో ఎగిరి నేరుగా పెద్దాయన పడకకుర్చీయొద్దకు రాదు. కోడలు కార్యాలయమునుండి, మనుమడు బడినుండి, కుమారుడు బస్సులోనుండి తెచ్చును. వారి శరీరములు యౌవనములో నున్నవి. వారి కావలివారు మేల్కొనియున్నారు. వారికి టీకా చక్కగా పట్టును. వారికి పట్టిన టీకా పెద్దాయన చుట్టు కోటగోడయగును. తన గోడను తాను కట్టుకొనలేనివానికి తనవారు కట్టుట యిది.

ఇంటిలో పసిబిడ్డ యున్నచో ఒక చిన్న జాగ్రత్త. బిడ్డ టీకాలను మానరాదు. వానిని సకాలమున వేయించుటయే తాతకును రక్ష. కాని నోటిలో వేయు పోలియో చుక్కలలో బ్రతికిన క్రిమి యున్నది. అది కొన్ని వారములు బిడ్డ మలములో వెలువడును. కావున ఇంటిలో అవయవము పొందినవారున్నారని పిల్లల వైద్యునకు ముందుగా చెప్పవలెను. సూదిమందుగా వేయు పోలియో టీకాయు కలదు. ఏది తగునో ఆయన నిర్ణయించును. బిడ్డ గుడ్డలు మార్చు పనిని తాతగారు ఇతరులకు వదలుట మంచిది. ఎత్తుకొని ముద్దాడుటకు అడ్డులేదు. చేతులు సబ్బుతో కడుగుకొనుట మరువకుండిన చాలును.

తుదిమాటగా, టీకా వేయించుకొన్న గ్రహీత తనకు పట్టినదని నిశ్చింతగా నుండరాదు. పట్టలేదేమోయను జాగ్రత్తతోనే మెలగవలెను. జ్వరము వచ్చినచో రెండు దినములు చూతమని ఆగక, ఆనాడే వైద్యునకు తెలుపవలెను. ఫ్లూకు మందు కలదు. అది మొదటి రెండు దినములలో మొదలుపెట్టిననే బాగుగా పనిచేయును.

ఆ శ్రోతకు మేము వేరుగా జాబు వ్రాసితిమి. దాని సారాంశమును ఇచ్చట చెప్పి విరమింతుము. "అయ్యా, తమ తల్లిగారు తమకు మూత్రపిండమిచ్చిన దినమున, రోగివి నీవు, కత్తి నాకేల యని అడుగలేదు. తమ కోడలికి వేయించుకొనుమన్నది ఒక్క సూది. ఆ తల్లి యిచ్చినదానిని ఇన్నాళ్ళు తాము బిళ్ళలతో కాపాడుకొంటిరి. ఇకమీద తమ యింటివారిని కూడ కాపాడనిండు. తమ టీకాలు తాము వేయించుకొనుడు. పట్టినదో లేదో వైద్యునిచే చూపించుకొనుడు. పట్టకపోయినను చింతవలదు. ఇంటిలో ఎందరికి పట్టినదో లెక్కించుకొనుడు."

వారినుండి బదులు జాబు నిన్ననే వచ్చినది. కార్డుపై ఒకే పంక్తి: "కోడలు వేయించుకొన్నది, జబ్బ నొప్పియని రెండు దినములు నాచేతనే కాఫీ పెట్టించినది."

సెలవు.